చెవులు కుట్టిన రోజు

మా అమ్మ నన్ను మోసం చేసింది. మా తమ్ముడు మోసం చేశాడు. మా ఆయన సంగతి చెప్పనే అక్కర్లేదు, ఐస్‌క్రీమ్ తెస్తానని బయటికి వెళ్లి, అంతా అయిపోయాక కరిగిపోయిన కప్పులతో తిరిగొచ్చాడు. మా పాపకి చెవులు కుట్టించిన రోజు గురించి ఎవరు అడిగినా నేను చాలా రోజులు ఇలాగే చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ గొంతు ఇంకాస్త పెరిగేది. ఇప్పుడు రాయడానికి కూర్చున్నది కోపం చల్లారి కాదు. ఎవరి మీద కోపగించుకోవాలో ఆలస్యంగా తెలిసింది, అంతే.

నేను బడిలో పాఠాలు చెప్పుకునే మనిషిని. ఫిషింగ్ హార్బర్‌కి దగ్గర్లో ఉన్న ఒక చిన్న ప్రైవేటు బడిలో యూకేజీ పిల్లల్ని చూసుకుంటాను. సగంమంది వేటకి వెళ్లే ఇళ్ల పిల్లలు. మిగతా సగం, మాలాగే గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి పోర్టు ఉద్యోగాలకో స్టీల్‌ప్లాంట్ ఉద్యోగాలకో వచ్చి ఇక్కడే పాతుకుపోయినవాళ్ల పిల్లలు. ఆ ఏడాది మా పాప కూడా నా క్లాసులోనే ఉంది. దానికప్పుడు ఐదో ఏడు. బడిలో నన్ను టీచర్ అనాలని నేనే చెప్పాను. అది మాత్రం గేటు దాటేదాకా టీచర్ అని, ఆటో ఎక్కగానే అమ్మా అనేది. ఒక్కరోజు కూడా పొరపాటు పడలేదు.

ఆ జూన్‌లో పిల్లలకి మంచి స్పర్శ, చెడ్డ స్పర్శ గురించి చెప్పమని బడివాళ్లు మాకొక చార్టు ఇచ్చారు. ఒక బొమ్మపిల్ల ఒంటి మీద అక్కడక్కడా ఎర్రరంగు, ఆకుపచ్చరంగు వేసి ఉన్నాయి. నేను దాన్ని గోడకి తగిలించానో లేదో, క్లాసంతా "నోస్! ఇయర్స్! ఎల్బో!" అని కేకలు మొదలుపెట్టింది. అంతకుముందు వారమే శరీర భాగాలు చెప్పి ఉన్నాను. చార్టు తీసి బీరువా వెనక పెట్టేశాను.

దాని బదులు చాక్‌పీసు పట్టుకుని నేల మీద గుండ్రాలు గీశాను. ఒక్కొక్కరికి ఒక్కో గుండ్రం. ఆట ఏమిటంటే, ఎవరి గుండ్రంలో వాళ్లు నిలబడాలి. పక్కవాళ్ల గుండ్రంలోకి వెళ్లాలంటే "రానా?" అని అడగాలి. వాళ్లు "రా" అంటే వెళ్లొచ్చు. "వద్దు" అంటే "సరే" అని వెనక్కి తిరగాలి. వద్దు అనేటప్పుడు చెయ్యి ముందుకి చాపి, కాళ్లు గట్టిగా ఆనించి, గొంతెత్తి చెప్పాలని నేర్పాను. ఏడుస్తూ చెప్పకూడదు, నవ్వుతూ చెప్పకూడదు.

వద్దు అనడం పిల్లలకి ఒక్క పూటలో వచ్చేసింది. సరే అనడం నేర్పడానికి దసరా సెలవులదాకా పట్టింది. వద్దంటే ఒకడు ఏడ్చేవాడు, ఒకతె గిల్లేది, ఇంకొకడు వెళ్లినట్టే వెళ్లి వెనక నుంచి దూకేవాడు. మా పాప మాత్రం ఆ ఆటలో దిట్ట. దాని గుండ్రంలోకి ఎవరూ అడక్కుండా అడుగుపెట్టేవారు కాదు, అది కూడా ఎవరి దాంట్లోకీ అడక్కుండా వెళ్లేది కాదు. నా కూతురని చెప్పడం కాదు, నిజంగానే.

పెద్ద చిక్కు వేరే చోట వచ్చింది. తెలియనివాళ్ల దగ్గరికి వెళ్లకూడదు అని చెబుదామంటే మన పిల్లలకి తెలియనివాడంటూ దొరకడు. ఆటో నడిపే ఆయన మావయ్య, వాచ్‌మన్ తాతగారు, గ్యాస్ బండ తెచ్చేవాడు బాబాయ్, కూరల బండావిడ అత్త. ఊరందరికీ మనమే వరసలు కట్టి, తీరా ఎవరి దగ్గరికీ వెళ్లొద్దంటే ఆ పసివాళ్లు ఏం చేస్తారు? అందుకే నేను మనిషిని బట్టి కాదు, ఇష్టాన్ని బట్టి చెప్పాను. ఎవరైనా సరే, మావయ్యైనా తాతైనా నేనైనా సరే, మీకు ఇష్టం లేకపోతే వద్దనండి అన్నాను. నేనైనా సరే అని చెప్పినప్పుడు నాకు చాలా గర్వంగా అనిపించింది.

ఒక నెల తిరక్కుండానే ఒక నాన్నమ్మ గేటు దగ్గర కాపు కాసింది. పెద్దావిడ, హార్బర్‌లో చేపలు అమ్ముకునే మనిషి. మా బడి ఆయా కూడా ఆ పేటే. ఇద్దరూ కలిసి నా ముందు నిలబడ్డారు.

"ఏటి టీచరమ్మా, మా గుంటడికి ఏటి నేర్పీసినావు?" అంది నాన్నమ్మ. "ముద్దెట్టుకుందావని దగ్గరికెల్తే సెయ్యి అడ్డం ఎట్టి, 'రానా అని అడుగు' అంతన్నాడు. నా కొడుకు కొడుకుని ముట్టుకోడానికి నాను పర్మిషన్ అడగాలేటి?"

"ఒక్కసారి అడిగి చూడండమ్మా. మీ మనవడు మిమ్మల్ని వద్దంటాడా?" అన్నాను.

"అడిగితే ఏటి పోద్ది, అడుగు" అని ఆయా పక్క నుంచి నవ్వింది. నాన్నమ్మ మూతి తిప్పుకుని వెళ్లిపోయింది. నాలుగు రోజుల తర్వాత మళ్లీ కనబడి, "అడిగినాను టీచరమ్మా" అంది. "ముందు రెండుసార్లు వద్దన్నాడు, ఎదవ. మూడోసారి ఆడే వొచ్చి మెడకి సుట్టుకున్నాడు. ఏటోనమ్మా, బాగానే ఉన్నాది." ఆ రోజు నేను నేల మీద నడవలేదు. సాయంత్రం మా ఆయనకి చెప్పాను, రాత్రి అన్నాల దగ్గర మళ్లీ చెప్పాను. ఊళ్లోవాళ్ల పిల్లలకి పాఠం చెప్పడం అంత తేలిక మరి.

ఇక మా తమ్ముడి సంగతి. వాడు నాకంటే ఏడేళ్లు చిన్న. చిన్నప్పుడు స్టీల్‌ప్లాంట్ క్వార్టర్లలో వాణ్ణి చంకనేసుకుని తిప్పింది నేనే. ఇప్పుడు సరుకు ఓడల్లో ఇంజన్ పని చేస్తాడు. ఎక్కితే ఎనిమిది తొమ్మిది నెలలు దిగడు. మా పాప పుట్టాక వాడు ఇంటికొచ్చింది మూడే మూడుసార్లు. మొదటిసారి అది ఉయ్యాల్లో ఉంది. రెండోసారి దానికి రెండున్నరేళ్లు. భీమిలి బీచికి వెళ్లాం. వాడు దాన్ని గాల్లోకి ఎగరేసి పట్టుకోవడం, అది కెవ్వున ఏడవడం, మేమంతా పడీ పడీ నవ్వడం. గడ్డం దాని బుగ్గలకి రాస్తే ఎర్రగా కందిపోయాయి. అది కూడా ముద్దుగానే ఉందనుకున్నాం.

మిగతా కాలమంతా వీడియో కాల్సే. సిగ్నల్ దొరికిన రేవులో వాడు ఫోన్ చేసి "నా పెళ్లాం ఏం చేస్తోందే?" అనేవాడు. మన ఇళ్లల్లో మేనమామలు మేనకోడళ్లని అలా ఆటపట్టించడం కొత్తేమీ కాదు, నన్నూ మా మావయ్యలు అలాగే ఏడిపించారు. మా పాప మాత్రం ఫోన్ బోర్లా పెట్టేసి అవతలికి వెళ్లిపోయేది. వాడు దూరాన ఉండి నవ్వేవాడు. దానికి వాడు ఫోన్లో ముఖం, బీచిలో ఎగరేసిన చేతులు. అంతకు మించి తెలియదు. మాకేమో వాడు మా ప్రాణం.

చెవులు కుట్టించడం వాడి వల్లే ఆలస్యమైంది. మా వైపు పిల్లని మేనమామ ఒళ్లో కూర్చోబెట్టే చెవులు కుట్టాలి. కమ్మలు, కొత్తబట్టలు వాడే పెట్టాలి. బేసి ఏటనే చెయ్యాలి. ఏడాదిలోపు వచ్చినప్పుడూ, మూడో ఏట వచ్చినప్పుడూ, వాడున్న కొద్ది రోజుల్లో ముహూర్తం కుదరలేదు. ఐదో ఏట ఎలాగైనా సరే అని మా అమ్మ కూర్చుంది. నాన్న పోయాక గాజువాక ఫ్లాట్‌లో ఒక్కతీ ఉంటోంది, ఆవిడకి ఇలాంటివే సంబరం. మాఘమాసంలో ముహూర్తం పెట్టించింది. తమ్ముడు వారం ముందు దిగాడు.

దిగిన రోజునే మా ఇంటికి వచ్చి, గుమ్మంలోనే పాపని ఎత్తుకుని "పెళ్లామా, మర్చిపోయావా నన్ను?" అని గడ్డం రాశాడు. పాప చెయ్యి చాపి "వద్దు" అంది. వాడు నవ్వి, రెండో బుగ్గకి కూడా రాసి దించాడు. అది వెళ్లి మంచం పక్కన, గోడకీ బీరువాకీ మధ్య కూర్చుంది. వాడు వెళ్లిపోయేదాకా రాలేదు.

ఆ సాయంత్రం జడ వేస్తుంటే అడిగింది. "నేను మావయ్య ఒళ్లో కూర్చోవాలా? అమ్మమ్మ చెప్పింది."

"నీకు ఇష్టం లేదా?"

"లేదు. ఎగరేస్తాడు. గుచ్చుతాడు."

నేను అప్పుడే దువ్వెన పక్కన పెట్టి, దాని ముఖం నా వైపు తిప్పుకుని, అక్షరం అక్షరం చెప్పాను. మావయ్య ఒళ్లో కూర్చోనక్కర్లేదు, నా ఒళ్లోనే కూర్చోబెట్టుకుంటాను, ఎవరు చెప్పినా దించను. చెవి కుట్టేటప్పుడు నొప్పిగా ఉంటుందని కూడా దాచలేదు. చీమ కుట్టినదానికంటే ఎక్కువే ఉంటుందన్నాను. నొప్పికి అది భయపడలేదు. "నువ్వే కదా పట్టుకుంటావు" అంది. "నేనే" అన్నాను. "ప్రామిస్?" అంది. చేతిలో చెయ్యి వేశాను. మళ్లీ అటు తిరిగి జడ వేయించుకుంది. దానికి కావలసింది ఆ ఒక్క మాటే.

నేను ఊరికే కూర్చోలేదు. మర్నాడే అమ్మకి ఫోన్ చేసి విషయం చెప్పాను. "సరేలేవే, పిల్లదాని ఇష్టం. ఎవరి ఒళ్లో అయితే ఏంటి, చెవులు కుడితే చాలు" అంది. మా అమ్మ ఏదైనా అంత తేలిగ్గా ఒప్పుకుందంటేనే అనుమానించాలి. నాకు తోచలేదు. తమ్ముడికి చెబితే "నీ ఇష్టం అక్కా" అన్నాడు, గొంతు కాస్త చిన్నబోయింది. మా ఆయన "అక్కడెవరైనా గొడవ చేస్తే నేను మాట్లాడతాగా" అన్నాడు. ముగ్గురి మాటా తీసుకున్నాను. చేతిలో కాగితం పెట్టి సంతకాలు పెట్టించుకోవలసింది.

ఆ రోజు గాజువాక ఫ్లాట్ నిండా జనం. అమ్మావాళ్ల పాత క్వార్టర్ల స్నేహితులు, మా అత్తగారివైపు నలుగురు, పాతికమందికి పైనే ఉంటారు. వన్ టౌన్ నుంచి ఆచారిగారు వచ్చి, చిన్న డబ్బాలోంచి బంగారు తీగలు తీసి పసుపునీళ్లలో వేసుకుంటున్నారు. పాపకి పట్టులంగా కట్టి తీసుకొచ్చేసరికి, హాలు మధ్యలో పీట మీద మా తమ్ముడు కూర్చుని ఉన్నాడు. పట్టుపంచె, ఒళ్లో మడిచి వేసుకున్న కొత్త తువ్వాలు.

"ఇదేంటమ్మా? ఫోన్లో ఏమన్నావు?" అన్నాను.

"ఫోన్లో నూటొక్కటి అంటాం" అంది అమ్మ, నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగుతూ. "ఎవడి కోసం ఇన్నేళ్లు ఆగామో వాడిని గోడ పక్కన నిలబెడతావా? వచ్చినవాళ్లు ఏమనుకుంటారు? మేనమామ ఒళ్లో పిల్లని కూర్చోబెట్టలేదంటే వాడేం తప్పు చేశాడనుకుంటారే?"

మా ఆయన కోసం చూశాను. లేడు. పిల్లకి ఐస్‌క్రీమ్ తెస్తానని కిందికి దిగాడట. గొడవ అయ్యేటట్టుందని మొదట పసిగట్టింది ఆయనే అన్నమాట. తమ్ముడు నా వైపు చూసి, "అక్కా, ఒక్క నిమిషమే. ఎగరెయ్యను, రాయను, అసలు కదలను. ఒట్టు" అన్నాడు. వాడి కళ్లల్లో నీళ్లున్నాయి. ఆచారిగారు "బేగి తేల్సండమ్మా, ఆనక వర్జ్యం వొచ్చీస్తాది" అన్నారు.

తర్వాత ఏం జరిగిందో నేను నలుగురికీ చెప్పింది ఇది: పాపని నా చేతుల్లోంచి లాక్కున్నారు. నేను వద్దంటూనే ఉన్నాను, నా మాట ఎవరికీ వినపడలేదు. ఆ గోలలో వాళ్లే దాన్ని ఒళ్లో కూర్చోబెట్టేశారు. రెండు చెవులూ కుట్టేశారు. అమ్మ దాని నోట్లో బెల్లంముక్క పెట్టబోతే అది ఉమ్మేసింది. ఐస్‌క్రీమ్ కూడా ముట్టుకోలేదు. ఆటోలో ఇంటికొస్తుంటే నా పక్కన కూర్చోకుండా, వాళ్ల నాన్నకి అటు పక్కన కూర్చుంది.

పన్నెండు రోజులు అమ్మకి ఫోన్ చెయ్యలేదు. మా ఆయనకి కంచంలో అన్నం పెట్టి, మాట పెట్టలేదు. తమ్ముడు ఫోన్ చేస్తే రెండుసార్లు ఎత్తకుండా, మూడోసారి ఎత్తి, "నిన్ను నమ్మాను చూడు, నాది బుద్ధి తక్కువ. మీరంతా కలిసి నా కూతురి ముందు నన్ను అబద్ధాలకోరుని చేశారు" అని పెట్టేశాను. స్టాఫ్‌రూమ్‌లో నా కథ విన్న టీచర్లందరూ అయ్యో అన్నారు. నాకు ఆ అయ్యోలు బాగున్నాయి. ఇంకో రెండు రోజులు చెప్పాను.

పాప మామూలుగానే ఉంది. తింటోంది, ఆడుతోంది, చెవులకి కొబ్బరినూనె రాయించుకుంటోంది. క్లాసులో మాత్రం గుండ్రాల ఆట వచ్చేసరికి గోడకి ఆనుకుని కూర్చునేది. చెవులు నొప్పేమోలే అనుకున్నాను.

ఒకరోజు ఇంటర్వెల్‌లో ఆయా వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది.

"టీచరమ్మా, ఏటీ అనుకోకు. మీ గుంట, పిల్లలందరికీ ఏటి సెప్తందో ఇన్నావా?"

"ఏం చెబుతోంది?"

"ఆ ఆట ఇస్కూల్లోనే గానీ ఇంటికాడ పన్జెయ్యదంట. గట్టిగా సెప్పినా కూడా పన్జెయ్యదంట. ఊరికినే టీచర్ ఆడిస్తందంట."

"వాళ్లమ్మమ్మ వాళ్లు చేసిన పనికి..." అని నేను మొదలుపెట్టాను.

"అమ్మమ్మ ఊసు ఎత్తనేదు మరి" అంది ఆయా. "నీ ఊసే సెప్పింది." లేచి చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత చేసి, చివరికి పిల్ల దృష్టిలో దోషిని నేనా? ఆ మధ్యాహ్నమే తమ్ముడికి పెద్ద మెసేజ్ పెట్టాను. మీరు నా చేతుల్లోంచి పిల్లని లాక్కున్నందుకు అది నన్ను నమ్మడం మానేసింది, నీకు పిల్లలు పుడితే తెలుస్తుంది అని ఏదేదో రాశాను. వాడు జవాబు రాయలేదు. ఒక వీడియో పంపి, కింద "ఎవరు లాక్కున్నారో చూడు అక్కా" అని మాత్రం పెట్టాడు. ఆ రోజు అమ్మ పక్క ఫ్లాట్ అమ్మాయి తీసిందట.

అందరూ క్లాసులకి వెళ్లిపోయాక స్టాఫ్‌రూమ్‌లో ఒక్కదాన్నే చూశాను. నిమిషం కూడా లేదు.

మా అమ్మ చేతులు ఎక్కడా పాప మీద లేవు. ఆవిడ "నువ్వే ఎత్తి ఇవ్వవే, నువ్విస్తే వెళుతుంది" అంటోంది. నేను పాప చంకల కింద చేతులు వేసి ఎత్తి, మా తమ్ముడి ఒళ్లో కూర్చోబెట్టాను. పాప వెంటనే దిగి నిలబడింది. కాళ్లు రెండూ గట్టిగా ఆనించింది. చెయ్యి ముందుకి చాపింది. ఏడవకుండా, నవ్వకుండా, హాలంతా వినపడేటట్టు "వద్దు. నాకిష్టం లేదు" అంది. నేను నేర్పినదానిలో ఒక్క ముక్క తప్పు పోలేదు. క్లాసులో కూడా అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

హాలంతా గొల్లున నవ్వింది. ఎవరో చప్పట్లు కొట్టారు. "టీచర్ కూతురా మజాకా!" అని ఎవరో అన్నారు. నేను కూడా నవ్వాను. మొహమాటపు నవ్వు కూడా కాదు, పళ్లన్నీ కనబడేటట్టు, అటూ ఇటూ తిరిగి ఆ మెప్పు అందుకుంటూ నవ్వాను. నవ్వుతూనే దాన్ని మళ్లీ ఎత్తి ఒళ్లో పెట్టాను. మోకాళ్ల మీద కూర్చుని దాని రెండు మణికట్లూ పట్టుకున్నాను. "ఒక్క నిమిషం బంగారం, అయిపోయింది, అయిపోయింది" అంటున్నాను, క్లాసులో మాట్లాడే గొంతుతోనే.

మా తమ్ముడు తన మోకాళ్ల మీద రెండు చేతులూ పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు. పిల్లని తాకలేదు. కదలనని ఒట్టేశాడు, కదల్లేదు. ఆ హాల్లో దాన్ని పట్టుకున్నది నేనొక్కదాన్నే. మొదటి చెవికి పాప అరిచింది. రెండో చెవికి అరవలేదు. ఆచారిగారిని చూడలేదు, మావయ్యని చూడలేదు. నన్నే చూస్తోంది.

ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో తెలియదు. నాకు సిగ్గేసింది. అబద్ధం చెప్పాలని నేను ఎవరికీ అబద్ధం చెప్పలేదు, నిజంగానే అలా జరిగిందని నమ్మాను. నేను వద్దు వద్దన్నది కూడా నిజమే అనుకున్నాను. వీడియోలో వద్దన్న గొంతు ఒక్కటే ఉంది, అది ఐదేళ్లది. మాట ఇచ్చి తప్పిన ముగ్గురినీ పన్నెండు రోజులు ఉతికి ఆరేశాను. పాపకి మాట ఇచ్చింది వాళ్లు కాదు, నేను.

ఆ సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేసి, "నువ్వు నీ మాట నిలబెట్టుకున్నావురా" అన్నాను. ఏడుపొచ్చింది. వాడు, "నువ్వు దాని చేతులు పట్టుకున్నప్పుడు నేను లేచిపోవాల్సింది అక్కా. నేనూ నవ్వాను" అన్నాడు. మళ్లీ ఓడ ఎక్కేముందు ఇంటికొచ్చాడు. ఈసారి గడ్డం గీసుకుని వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. పెళ్లాం అనలేదు. పాప వాడి ముఖం కాసేపు చూసి, వెళ్లి తన రంగు పెన్సిళ్ల డబ్బా తెచ్చి చూపించింది. ఇద్దరూ అరగంట ఓడ బొమ్మ వేసుకున్నారు. వాడిని అది అంత తేలిగ్గా క్షమించడం చూసి నాకు అసూయగా అనిపించింది. వాడి మీద దానికి నమ్మకమంటూ ఎప్పుడూ లేదు కదా, పోవడానికి.

నేను కూడా క్షమించమని అడిగాను. ఎదురుగా కూర్చుని, "ఆ రోజు నీకు మాట ఇచ్చి తప్పాను. నీ చేతులు పట్టుకోవడం తప్పు. సారీ" అన్నాను. పాప నా మాట మొత్తం విని, "సరే" అంది. మళ్లీ రంగులు వేసుకోవడం మొదలుపెట్టింది. అంతే. నేను గుండెల మీద బరువు దిగిందనుకున్నాను. మా ఆయనతో మాటలు కలిపాను. అమ్మకి కూడా ఫోన్ చేశాను, ఆవిడ ఏమీ జరగనట్టే ఆవకాయ పంపనా అని అడిగింది.

ఇంకో పది రోజులకి పాప కుడిచెవి వాచింది. తమ్మె ఎర్రబడి, తీగ చుట్టూ చీము పట్టింది. మా వీధి చివర పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. దారిలో "డాక్టరమ్మ ఊరికే చూసి మందు రాస్తుంది. నేను పక్కనే ఉంటాగా" అన్నాను. పాప రోడ్డు చూస్తూ నడిచింది.

లోపలికి వెళ్లాక డాక్టరమ్మ చెవి చూసి, తీగ తీసి శుభ్రం చెయ్యాలంది. పాప నా వైపు తిరగలేదు. నేరుగా ఆవిడనే అడిగింది.

"నొప్పెడుతుందా?"

"కొంచెం మండుతుందమ్మా. నువ్వు పదిదాకా లెక్కపెట్టేలోపు అయిపోతుంది."

"నిజంగానా?"

"నిజంగానే."

ఆ డాక్టరమ్మని అది అంతకుముందు చూసింది రెండుసార్లో మూడుసార్లో. ఆవిడ ముఖంలోకి కాసేపు చూసి, తనే స్టూలు ఎక్కి కూర్చుంది. డాక్టరమ్మ చేతులకి తొడుగులు వేసుకుంటూ, "అమ్మా, మీరు కాస్త పాప చేతులు పట్టుకోండి" అంది నాతో. నేను ముందుకి అడుగు వేశాను.

పాప రెండు చేతులూ తొడల కింద దాచుకుంది.

"నేను కదలను ఆంటీ" అంది డాక్టరమ్మతో. "అమ్మని బయట కూర్చోమనండి."

కోపంగా అనలేదు. మంచినీళ్లు కావాలన్నట్టే అంది. డాక్టరమ్మ ముద్దుగా నవ్వి, ఏం పర్లేదన్నట్టు నాకు తలుపు వైపు సైగ చేసింది. నేను బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. తలుపు మూసుకుంది. లోపల నుంచి పాప గొంతు వినపడుతోంది. ఒకటి, రెండు, మూడు. ఆరు దగ్గర ఆగింది. ఏడు అనేటప్పుడు చిన్నగా మూలిగింది. ఎనిమిది, తొమ్మిది, పది. అమ్మా అని మాత్రం అనలేదు.